డౌన్ సిండ్రోమ్ పిల్లల నిద్ర: గురక, రాత్రి మెలకువలు, స్లీప్ స్టడీ

చిన్నూ వాళ్ళమ్మ, గుంటూరు | సోమవారం రాత్రి 11:52

అందరికీ నమస్కారం. మా బాబుకి సంక్రాంతికి మూడేళ్లు నిండాయి. ట్రైసోమీ 21, అంటే డౌన్ సిండ్రోమ్. పుట్టినప్పుడు గుండెలో రంధ్రం ఉంటే ఏడాది లోపే ఆపరేషన్ చేయించాం. గుండె ఇప్పుడు బాగుంది. నా టెన్షన్ అంతా రాత్రుల గురించే.

తొమ్మిదికల్లా పడుకుంటాడు. పదకొండు దాటాక మొదలవుతుంది. మంచమంతా తిరుగుతాడు, దిండు దగ్గర ఉండాల్సిన తల కాళ్ల వైపు ఉంటుంది. కాసేపటికి లేచి బాసింపట్టు వేసుకుని, అలాగే ముందుకు వంగి, నుదురు పరుపుకి ఆనించి నిద్రపోతాడు. నేను మెల్లగా తీసి పడుకోబెట్టినా కాసేపట్లో మళ్లీ అదే భంగిమ. మెడ వెనక అంతా చెమట. గురక ఉంది కానీ మరీ పెద్దదేం కాదు. మా అత్తయ్య గారు "గురక పెడుతున్నాడంటే ఆదమరిచి నిద్రపోతున్నాడనే" అంటారు. ఇక్కడ చూపించిన డాక్టర్ గారు "ఈ పిల్లలు ఇలాగే పడుకుంటారమ్మా, కంగారు పడకండి" అన్నారు.

నిజంగా ఇలాగే పడుకుంటారా? పగలంతా చిరాకు. ప్లేస్కూల్లో పది గంటలకే కళ్లు మూతలు పడుతున్నాయని టీచర్ చెప్పింది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కరీంనగర్ నాన్న | మంగళవారం ఉదయం 6:20

చెల్లెమ్మా, మా పాప కూడా అచ్చం అట్లనే పడుకునేది. కూర్చుని ముందుకు వంగడం, లేకపోతే మెడ వెనక్కి విరిచి నోరు తెరుచుకుని పడుకోవడం. గొంతులో గాలి దారి మూసుకుపోతుంటే అది తెరుచుకునేలా పిల్లలు తమంతట తామే ఒళ్లు సర్దుకుంటారని మా ఈఎన్‌టీ డాక్టర్ చెప్పారు. నిద్రలో ఇలా గాలి దారి మూసుకుపోయి శ్వాస ఆగడాన్ని స్లీప్ ఆప్నియా అంటారు.

మేము హైదరాబాద్‌లో స్లీప్ స్టడీ చేయించాం, అంటే రాత్రంతా నిద్రలో శ్వాస ఎలా ఉందో చూసే పరీక్ష. సాయంత్రం రమ్మన్నారు. మామూలు గదే, పాపకో మంచం, వాళ్లమ్మకో మంచం. తల మీద, కళ్ల పక్కన, గడ్డం దగ్గర వైర్లు అంటించారు. ఛాతీకి ఒక బెల్టు, పొట్టకి ఒక బెల్టు, కాలి వేలికి ఎర్ర లైటు క్లిప్పు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం. సూది లేదు, మత్తు లేదు. పాప అన్నీ పీకి పారేస్తుందని మా భయం. అక్కడి టెక్నీషియన్ అమ్మాయి ముందు వాళ్లమ్మ చెంపకి ఒక వైరు అంటించింది, తర్వాత పాప చేతిలోని కుందేలు బొమ్మకి అంటించింది. అప్పుడు పాపే ముఖం ముందుకు పెట్టింది. ముక్కు గొట్టం మాత్రం నిద్రలోకి జారుకున్నాక పెట్టారు. తెల్లవార్లూ పక్క గదిలో కంప్యూటర్ ముందు ఒకరు కూర్చుని చూస్తూనే ఉన్నారు.

గంటకి 14 సార్లు శ్వాస ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోందని రిపోర్ట్ వచ్చింది. మాకు బయటికి వినిపించిందేమో మామూలు గురక. ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు, గొంతులో టాన్సిల్స్ తీశారు. తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే 4కి దిగింది. ఇంకా డాక్టర్ దగ్గరికి పోతూనే ఉన్నాం. కానీ పొద్దున్నే లేపితే గంటసేపు ఏడ్చే పిల్ల ఇప్పుడు మాకంటే ముందే లేచి, నా చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర పెడుతుంది.

"ఈ పిల్లలు ఇంతే" అంటే వినకు చెల్లె. పరీక్ష చేయించు.

పిల్లల డాక్టర్, విజయవాడ | మంగళవారం మధ్యాహ్నం 2:45

చిన్నూ వాళ్ళమ్మ గారూ, కరీంనగర్ నాన్న గారు సరిగ్గా చెప్పారు. కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ విషయంలో మా డాక్టర్లలో కూడా అశ్రద్ధ ఉంది.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో సగానికి పైగా పిల్లలకి ఈ రకం, అంటే గాలి దారి మూసుకుపోయే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా ఉంటుంది. మామూలు పిల్లల్లో అది నూటికి ఒకరి నుంచి ఐదుగురికే. ముఖం మధ్య భాగం చిన్నగా ఉండడంతో ముక్కు వెనక దారి ఇరుకు. నోటి జాగాతో పోలిస్తే నాలుక పెద్దది. కండరాల బిగువు తక్కువ కాబట్టి నిద్రలో గొంతు కండరాలు ఇంకా వదులై లోపలికి జారతాయి. దీనికి టాన్సిల్స్, అడినాయిడ్లు, ఒంటి బరువు, థైరాయిడ్ లోపం తోడైతే చెప్పక్కర్లేదు.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో సవరించిన మార్గదర్శకాల్లో డౌన్ సిండ్రోమ్ ఉన్న ప్రతి బిడ్డకీ 3 నుంచి 4 ఏళ్ల మధ్య స్లీప్ స్టడీ చేయించమని ఉంది. లక్షణాలు కనిపించినా, కనిపించకపోయినా. ఎందుకంటే తల్లిదండ్రులు చెప్పేదానికీ పరీక్షలో తేలేదానికీ చాలాసార్లు పొంతన ఉండదు. ఇందులో మీ తప్పేం లేదు, రాత్రి రెండింటికి పక్కన పడుకున్న మనిషికి ఆక్సిజన్ శాతం ఎలా కనిపిస్తుంది? లక్షణాలుంటే మూడేళ్లు నిండేదాకా ఆగక్కర్లేదు, పసిబిడ్డకైనా చేయొచ్చు.

రిపోర్ట్‌లో గంటకి ఎన్నిసార్లు శ్వాస ఆగింది లేదా తగ్గింది అనే అంకె ఉంటుంది. పిల్లల్లో అది 1 దాటితే చాలు, ఆప్నియాగా లెక్కలోకి తీసుకుంటాం. 5 దాటితే మధ్యస్థం, 10 దాటితే తీవ్రం. పెద్దవాళ్ల లెక్క పిల్లలకి పనికిరాదు. అందుకే పిల్లల పరీక్షలు చూసే అలవాటున్న చోటే చేయించండి.

మీ బాబుకి గుండె ఆపరేషన్ అయింది కాబట్టి ఇంకో మాట. రాత్రిళ్లు పదేపదే ఆక్సిజన్ పడిపోతుంటే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండె సమస్యలుంటాయి. వాళ్ల విషయంలో దీన్ని అసలు వాయిదా వేయకూడదు.

ఈలోపు ఒక పని చేయండి. బాబు నిద్రపోతుండగా చొక్కా తీసి ఛాతీ, ముఖం రెండూ కనిపించేలా ఫోన్‌లో వీడియో తీయండి, చప్పుడు కూడా రికార్డవ్వాలి. తెల్లవారుజామున తీస్తే మేలు. కలలొచ్చే నిద్ర అప్పుడే ఎక్కువ, శ్వాస ఆగడం కూడా అప్పుడే ఎక్కువ. గుండె గూటి కింద లోపలికి గుంట పడుతోందా, గురక మధ్యలో హఠాత్తుగా ఆగి ఎగపీల్చినట్టు మళ్లీ మొదలవుతోందా చూడండి. నోటితో వంద మాటలు చెప్పేకంటే ఆ వీడియో చూపిస్తే ఈఎన్‌టీ వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది.

నెల్లూరు అమ్మ | మంగళవారం సాయంత్రం 5:10

డాక్టర్ గారూ, మా వాడికి ఆరో నెల. మాది వేరే సమస్య, ఎప్పుడూ నిద్రే. పాలకి కూడా లేవడు. చీర ఉయ్యాలలో వేస్తే నాలుగైదు గంటలు కదలడు. అందరూ "బంగారం లాంటి బిడ్డ, ఏడవడు" అంటున్నారు. ఇంకో చిన్న డౌట్. ఈ మధ్య నిద్ర లేవగానే చేతులు రెండూ ముందుకు చాచి తల వాలుస్తున్నాడు. ఒకసారి కాదు, కొన్ని సెకన్లకోసారి వరసగా వస్తుంది. ఉలికిపాటు అని తాయెత్తు కట్టారు.

పిల్లల డాక్టర్, విజయవాడ | మంగళవారం సాయంత్రం 5:31

అమ్మా, మీ రెండో డౌట్ చిన్నది కాదు. ఈసారి వచ్చినప్పుడు వీడియో తీసి, రేపటిదాకా ఆగకుండా పిల్లల న్యూరాలజిస్ట్‌కి చూపించండి. దగ్గర్లో లేకపోతే పిల్లల డాక్టర్‌కైనా. వీడియో దొరకలేదని ఆగిపోవద్దు. నిద్ర లేవగానే గానీ, నిద్రలోకి జారుకునేటప్పుడు గానీ ఇలా వరసగా వస్తే ఇన్ఫాంటైల్ స్పాజమ్స్ కావచ్చు. ఇవి ఒక రకం మూర్ఛలు. ఏడాదిలోపు పిల్లల్లో వస్తాయి, డౌన్ సిండ్రోమ్ ఉంటే ఇంకాస్త ఎక్కువ. చప్పుడుకి ఉలిక్కిపడడం ఒక్కసారి వచ్చి పోతుంది, ఇలా వరసగా రాదు. మెదడు తరంగాలు చూసే ఈఈజీ పరీక్ష తీస్తే తేలుతుంది. మందు ఎంత త్వరగా మొదలుపెడితే బిడ్డ ఎదుగుదలకి అంత మంచిది. ఇప్పుడే బయల్దేరండి, మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం.

డల్లాస్ నుంచి లక్కీ మమ్మీ | మంగళవారం రాత్రి 8:05

నెల్లూరు అమ్మ గారూ, దయచేసి డాక్టర్ గారు చెప్పినట్టు చేయండి. ఇక్కడ మా పేరెంట్స్ గ్రూపులో కొత్తగా చేరే ప్రతి తల్లికీ మొదట చెప్పే విషయాల్లో ఇదొకటి.

చిన్నూ వాళ్ళమ్మ గారికి: మా బాబుకి టాన్సిల్స్ తీసినా ఆప్నియా పూర్తిగా పోలేదు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఇది మామూలేనట, అందుకే ఆపరేషన్ తర్వాత రెండో స్లీప్ స్టడీ తప్పనిసరి. ఇప్పుడు సీపాప్ వాడుతున్నాం. ముక్కుకి మాస్క్ పెడితే మెషీన్ గాలి ఊదుతూ గొంతు దారి మూసుకుపోకుండా చూస్తుంది.

మూడేళ్ల పిల్లాడు మాస్క్ ఉంచుకుంటాడా అని మీకు అనిపిస్తుంది. మాకూ అనిపించింది. మొదట మెషీన్ ముట్టుకోలేదు. మాస్క్ ఒక్కటే పగలు ఆటలో పెట్టాం. టెడ్డీకి, నాన్నకి, తర్వాత వాడికి. కార్టూన్ చూస్తూ కాసేపు. ఆ తర్వాత గాలి లేకుండా గొట్టం తగిలించాం. చివరికి తక్కువ గాలితో పగటి నిద్రలో మొదలుపెట్టాం. నెలలు పట్టింది. ఇప్పుడు వాడే మాస్క్ తెచ్చి చేతికిస్తాడు. ముక్కు దగ్గర చర్మం కమిలితే సైజు మార్పించండి, బిగించి కట్టకండి.

గాజువాక బాబాయ్ | బుధవారం ఉదయం 9:15

పెద్దగా గురక లేని పిల్లాడికి ఇన్ని వైర్లు తగిలించడం అవసరమా అండీ? మా అన్నయ్య కొడుక్కి డౌన్ సిండ్రోమ్. నాలుగేళ్లు. నిద్ర పట్టని రోజున జలుబు సిరప్ కొద్దిగా వేస్తారు, హాయిగా పడుకుంటాడు. లేనిపోని భయాలు పెట్టుకుంటున్నామేమో.

పిల్లల డాక్టర్, విజయవాడ | బుధవారం మధ్యాహ్నం 1:50

బాబాయ్ గారూ, ఆ సిరప్ ఈ రోజే ఆపించండి. మగతనిచ్చే జలుబు మందులు గొంతు కండరాలని ఇంకా వదులు చేస్తాయి, శ్వాస మందగిస్తుంది. ప్రొమెథజైన్ అనే మందుని రెండేళ్లలోపు పిల్లలకి అసలు ఇవ్వకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే గట్టి హెచ్చరిక పెట్టింది, శ్వాస ఆగి పిల్లలు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి కాబట్టి. ఆ పైన వయసు పిల్లలకైనా నిద్ర కోసం వేసే మందు కాదది. ఆప్నియా ఉందో లేదో తెలియని బిడ్డకి నిద్ర మందు వేయడం చాలా ప్రమాదం. నిద్ర కోసం వాడే మెలటోనిన్ అయినా సరే, ముందు శ్వాస సంగతి తేలాలి, తర్వాతే మీ డాక్టర్‌తో మాట్లాడి.

గురక లేకపోతే ఆప్నియా లేనట్టు కాదు. దారి పూర్తిగా మూసుకుపోయిన క్షణంలో అసలు చప్పుడే ఉండదు.

గాజువాక బాబాయ్ | బుధవారం మధ్యాహ్నం 2:20

అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను. సీసా తీసేశారు. పరీక్షకి విశాఖ కేజీహెచ్ ఆస్పత్రి వైపు కనుక్కోమంటాను. థాంక్స్ సార్.

స్పెషల్ ఎడ్యుకేటర్, సికింద్రాబాద్ | బుధవారం రాత్రి 9:40

చిన్నూ అమ్మగారూ, మీరు రాసిన "పగలు చిరాకు" గురించి చెప్పాలి. నిద్ర చాలని పెద్దవాళ్లు తూగుతారు. పిల్లల్లో చాలామంది తూగరు, గోల చేస్తారు. కుర్చీలో నిలవరు, బొమ్మలు విసిరేస్తారు, చెప్పింది వినరు. దానికి "మొండి", "హైపర్" అని పేరు పెట్టేస్తాం. క్లాసులో అలాంటి బిడ్డ కనిపిస్తే నేను తల్లిని మొదట అడిగేది రాత్రి ఎలా పడుకున్నాడనే.

అరిజోనా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న 38 మంది పిల్లల్లో ఆప్నియా ఉన్నవాళ్ల భాషకి సంబంధించిన ఐక్యూ, లేనివాళ్లకంటే సగటున 9 పాయింట్లు తక్కువగా ఉంది. చిన్న అధ్యయనమే, దాన్ని బట్టే అంతా తేల్చేయలేం. కానీ మనం స్పీచ్ థెరపీకి ఇంత డబ్బు, ఇంత సమయం పెడుతున్నాం కదా, ఆ నేర్చుకున్నది మెదడులో నిలిచేది నిద్రలోనే.

ఇక అలవాట్ల సంగతి. మన పిల్లలకి విన్నదానికంటే చూసింది బాగా ఎక్కుతుంది. పడుకునే ముందు చేసే పనులు బొమ్మలుగా గోడకి అంటించండి: స్నానం, నైట్ డ్రెస్, పళ్లు తోముకోవడం, పుస్తకం, లైట్ ఆఫ్. ఒక్కో పని అవగానే ఆ బొమ్మని వాడి చేతే తీయించి డబ్బాలో వేయించండి. డబ్బాలో చివరి బొమ్మ పడిందంటే పడుకోవాలని వాడికే తెలుస్తుంది. వరస రోజూ ఒకటే ఉండాలి. నాన్న పదింటికి వచ్చి లేపి ఆడించే ఇళ్లు చాలా చూశాను. ప్రేమతోనే చేస్తారు, కానీ ఆ ఆట పొద్దున పెట్టుకోండి. ఫోన్, టీవీ పడుకోవడానికి గంట ముందే ఆపేయాలి. పగటి నిద్రతో కలిపి మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి రోజుకి 10 నుంచి 13 గంటలు కావాలి.

రాత్రి లేచి ఇల్లంతా తిరిగే పిల్లలుంటే వీధి తలుపు గడియ వాళ్లకి అందనంత పైన బిగించండి.

ఖమ్మం అత్త | గురువారం ఉదయం 7:30

మా మేనకోడలికి రెండేళ్లు. నిద్రలో కాళ్లు ఒకటే ఆడిస్తుంది, తన్నుకుంటుంది. ఇది కూడా ఆప్నియానేనా? ఖర్చు పెట్టుకునే స్థోమత మా తమ్ముడికి లేదు, ఎక్కడికి పోవాలి?

పిల్లల డాక్టర్, విజయవాడ | గురువారం మధ్యాహ్నం 1:25

ఆప్నియాలోనూ కాళ్లు కొట్టుకోవచ్చు, ఇనుము తక్కువైనా కావచ్చు. హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే చాలదు, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి. థైరాయిడ్ ఎలాగూ తప్పదు: పుట్టినప్పుడు, 6 నెలలకి, ఏడాదికి, ఆ తర్వాత ఏటా. మలబద్ధకం, చెవి ఇన్ఫెక్షన్, తిన్నది పైకి తన్నడం కూడా రాత్రి లేపుతాయి.

స్పెషల్ ఎడ్యుకేటర్, సికింద్రాబాద్ | గురువారం సాయంత్రం 6:15

ఖర్చు గురించి. ప్రభుత్వ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో డౌన్ సిండ్రోమ్ కూడా ఉంది. జిల్లా ఆస్పత్రిలో పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డీఈఐసీ అనే కేంద్రం ఎక్కడుందో అడగండి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి రాసిస్తారు. వైకల్య ధ్రువీకరణ పత్రం ఉంటే నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమాకి అప్లై చేయండి. ఏడాదికి లక్ష రూపాయల దాకా కవర్ ఉంది, ఓపీ, పరీక్షలు, థెరపీలకి కూడా కొంత పరిమితి మేరకు ఇస్తారు. ఎలా అప్లై చేయాలో సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీలో (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ) కూడా అడగొచ్చు.

నెల్లూరు అమ్మ | శుక్రవారం రాత్రి 10:05

డాక్టర్ గారూ, ఆ రాత్రే చెన్నై తీసుకెళ్లాం. ఈఈజీలో మీరు చెప్పిందే తేలింది. స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాం. వరసలు తగ్గాయి. మీరు అంత గట్టిగా చెప్పకపోతే మేము వచ్చే నెల టీకా దాకా ఆగేవాళ్లం. ఉయ్యాల సంగతి కూడా చెప్పండి, ఇంటికెళ్లాక ఎలా పడుకోబెట్టాలి?

పిల్లల డాక్టర్, విజయవాడ | శనివారం ఉదయం 8:40

చాలా సంతోషం అమ్మా. మందు వాళ్లు చెప్పినన్ని రోజులు, చెప్పిన డోసులోనే వాడండి, మధ్యలో మీ అంతట మీరు ఆపకండి.

చీర ఉయ్యాల వద్దు. మెడ బలం లేని బిడ్డ అందులో విల్లులా వంగిపోతాడు, గడ్డం ఛాతీకి ఆనుకుని గాలి దారి నలిగిపోతుంది. మనకి పైనుంచి కనిపించదు కూడా. లాలి పాడి నిద్రపుచ్చండి, నిద్రపోయాక గట్టి పరుపు మీద వెల్లకిలా వేయండి. దిండు, పక్కన బొంతలు, బొమ్మలు ఏమీ వద్దు. పాలకి మాత్రం నిద్ర లేపాల్సిందే. కండరాల బిగువు తక్కువున్న పిల్లలు ఆకలేసినా ఏడవరు. పాదాలు రుద్దండి, దుప్పటి తీసేయండి, లేస్తాడు. ఎన్ని గంటలకోసారి అన్నది బరువు చూసి అక్కడి డాక్టర్ చెబుతారు. బిడ్డ గదిలో సాంబ్రాణి పొగ, దోమల కాయిల్ రెండూ మానేయండి, దోమతెర కట్టండి. ముక్కు దిబ్బడ వేస్తే సెలైన్ చుక్కలు చాలు.

చిన్నూ వాళ్ళమ్మ, గుంటూరు | ఆదివారం రాత్రి 9:20

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వీడియో తీశాను. డాక్టర్ గారు చెప్పిన గుంట కనిపించింది, గురక మధ్యలో ఆగడమూ కనిపించింది. ఈఎన్‌టీ గారు వీడియో చూసి వెంటనే స్లీప్ స్టడీకి రాశారు. అత్తయ్య గారికి కూడా చూపించాను, తనూ మాతో వస్తానన్నారు. వచ్చే గురువారం రాత్రి. కరీంనగర్ అన్నా, ఏమేం తీసుకెళ్లాలి, ముందు ఏమైనా జాగ్రత్తలున్నాయా?

కరీంనగర్ నాన్న | ఆదివారం రాత్రి 10:45

ఆ రోజు షాంపూతో తలస్నానం చేయించు, నూనె అస్సలు రాయకు. ముఖానికి పౌడర్, క్రీమ్ వద్దు. వైర్లు అతుక్కోవు. నుదుటి మీద, చెంప మీద కాటుక కూడా వద్దు, అత్తయ్య గారు దిష్టి చుక్క పెడతానంటే అరికాలికి పెట్టమను. ముందు గుండీలున్న చొక్కా, విడిగా లాగు వేయించు. వాడి దుప్పటి, రోజూ పట్టుకుని పడుకునే బొమ్మ, పాల సీసా మర్చిపోకు. మధ్యాహ్నం నిద్ర ఎప్పటిలాగే పోనీయ్. జలుబు గానీ జ్వరం గానీ వస్తే ముందే ఫోన్ చేసి తేదీ మార్పించుకో, రిపోర్ట్ తప్పు వస్తుంది. గుండె ఆపరేషన్ కాగితాలన్నీ ఫైల్‌లో పెట్టుకో. రేపు టాన్సిల్స్ ఆపరేషన్ దాకా వస్తే ఆ ఫైల్ మత్తు డాక్టర్‌కి చూపించి, డౌన్ సిండ్రోమ్ పిల్లల మెడ ఎముకల వదులు గురించి కూడా అడుగు. ఆ రాత్రి ఆస్పత్రిలోనే ఉంచమను.